బాగుందని బీపీ గోళీ ఆపొద్దు
(వరంగల్‌లో రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, నకిలీ విత్తనాల గురించి, అప్పుల గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. ఈరోజు ఆ పంట తీసే మన ఒంటి గురించి మాట్లాడుకుందాం.

బీపీ అంటే రక్తం నాళాల గోడల మీద చూపే ఒత్తిడి. మోటారు పెడితే పైపులో ప్రెషర్ ఉన్నట్టే. ప్రెషర్ సరిగా ఉంటే నీళ్లు మడికి చేరతాయి. ఎప్పుడూ ఎక్కువే ఉంటే బలహీనమైన చోట పైపు పగులుతుంది. 120/80 లోపు ఉంటే మామూలు. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90, ఆపైన వస్తుంటే బీపీ ఉన్నట్టే.

తల తిరిగితేనే బీపీ అనుకుంటాం. కానీ చాలామందికి ఏ నొప్పీ, ఏ గుర్తూ ఉండదు. లోలోపల మెదడు, గుండె, కిడ్నీలు, కళ్లు దెబ్బతింటాయి. పక్షవాతం వచ్చాకగానీ తెలియదు. అప్పటికి సాగు ఆగుతుంది, దవాఖాన ఖర్చుకు ఎకరం అమ్ముకోవాల్సి వస్తుంది.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన తొక్కుల్లో, పచ్చళ్లలోనే అంత పోతుంది. బీడీ, మందు దానికి తోడు. పత్తి ఏరి వచ్చి ఒళ్లునొప్పులకు వేసుకునే గోళీల్లో చాలావాటితో బీపీ పెరుగుతుంది, కిడ్నీలూ పాడవుతాయి. డాక్టరును అడగకుండా వాటిని రోజూ మింగొద్దు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు, నెల రోజులు గోళీ వేసుకుని బీపీ తగ్గిందని మానేయడం. తగ్గింది గోళీ వల్లే. డాక్టరు చెప్పనిదే ఆపొద్దు.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు వైద్యానికి పోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది.

2017లో బీపీ అదుపు కార్యక్రమం మొదట చేపట్టిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ దవాఖానల్లో పరీక్ష, గోళీలు ఉచితం. అది దయ కాదు, మన హక్కు. ఏ నెలా గోళీలు లేవనే మాట రాకూడదు. సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌లో, ఐకేపీ కేంద్రాల్లో బీపీ పరీక్షలు పెట్టాలి. ఇది మన సంఘం డిమాండ్.

వచ్చే సమావేశానికి ప్రతి సభ్యుడూ, ఇంటి ఆడబిడ్డలూ బీపీ చూపించుకుని, చీటీతో రావాలి.