మిక్సింగు గదిలో ఒక మీమాంస

పెండ్లి జరిగిన ఇంట ఖర్చుల లెక్కలన్నియు తేలిన తరువాత కూడ ఒక బాకీ మిగిలియుండును. పురోహితుడు సంభావన తీసికొని వెళ్లిపోవును. పందిరివారు గుంజలు ఊడదీసికొని పోవుదురు. వంటవారు గుండిగలు లెక్కపెట్టుకొందురు. వీడియో మాత్రము రాదు. ఎప్పుడు అడిగినను "మిక్సింగు జరుగుచున్నది" అను సమాధానమే వచ్చును. ఈ మిక్సింగు అను మాట క్యాసెట్ల కాలము నాటిది. ఆనాడు రెండు టేపుల మీది దృశ్యములను ఒక పెట్టెలో కలిపి మరియొక టేపునకు ఎక్కించెడివారు. పెట్టె పోయినది, టేపు పోయినది, మాట నిలిచినది. నేడు ఆ పని యావత్తును కంప్యూటరులో ఒక సాఫ్ట్‌వేరు చేయుచున్నది.

నంద్యాలలో అట్టి గది యొకటి నాకు తెలియును. దాని యజమాని ఇరువది యేండ్లకు పైగా ఈ వృత్తిలో ఉన్నాడు. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఆళ్లగడ్డలో స్టూడియో పెట్టుకొన్న యువకుడొకడు పెండ్లిండ్లు చిత్రించి, హార్డు డిస్కును నంద్యాలకు పంపును. ఇతడు దృశ్యములను కూర్చి, ఆ కూర్పును మరల ఆళ్లగడ్డకు పంపును. అక్కడ పెండ్లివారు ఆ యువకుని యెదుట కూర్చుండి "మా పెద్ద మేనమామ కానరాడేమి? తలంబ్రాలు ఇంకొంచెము సేపు ఉంచరాదా?" అని దిద్దుబాట్లు చెప్పుదురు. కనుక ఒకే కూర్పు రెండు ఊళ్లలోను తెరచుకొనవలెను. ఇది వినుటకు చిన్న సంగతివలె ఉన్నను, వివాదమంతయు ఇక్కడనే పుట్టినది.

ఉభయులును అడోబీ వారి ప్రీమియర్ ప్రోలో 2012 నాటి సి.ఎస్.6 అను వెర్షనునే నేటివరకు వాడుచున్నారు. నంద్యాలవాడు కొత్త వెర్షనునకు మారుదమనును. ఆళ్లగడ్డవాడు వలదనును. నేను ఆ గదికి పోయిననాడు ఇద్దరును అక్కడనే ఉండిరి.

"అన్నా, నువ్వు కొత్తది ఏసుకుంటే నేను పంపిన పని నీ కాడ తెరుచుకుంటాది. నువ్వు తిరిగి పంపితే నా కాడ తెరుచుకోదు. పెండ్లోళ్లు వచ్చి ముందర కూర్చుంటే నేనేం చూపించాల?" అని చిన్నవాడు.

"తమ్ముడూ, కొత్త కెమెరా కొన్నది నువ్వే గదా! దాని ఫైళ్లు ఈ పాతదాంట్లో తెరుచుకోనే తెరుచుకోవు. ఒక్కో పెండ్లికి రాత్రంతా వాటిని మార్చుకుంటా కూర్చుంటాండా. నా నిద్ర సంగతేంది?" అని పెద్దవాడు.

నేను రేడియోలో పనిచేయువాడనని, ధ్వనిని కత్తిరించి అతికించుట నాకు తెలియునని, తీర్పు చెప్పుమని నన్ను పట్టుకొనిరి. ధ్వనిని ఒకప్పుడు బ్లేడుతో టేపును కోసి, జిగురు పట్టీతో అతికించెడివారము. ఆ బ్లేడునకు వెర్షను లేదు. అయినను అడిగినవారిని ఊరక పంపరాదు గనుక నాకు తెలిసిన విషయములను కొంత విచారించితిని. మీ ఇంటి పెండ్లి చిత్రము కూడ ఇటువంటి గదిలోనే ఎక్కడనో ఉండును గనుక, శ్రోతలకును ఇది కేవలము పరుల గొడవ కాదు.

మొదట తెలిసికొనవలసినది కూర్పు ఫైలు యొక్క స్వభావము. వృత్తివారు దీనిని ప్రాజెక్టు అందురు. అందులో బొమ్మలుండవు. ఏ దృశ్యమును ఏ క్షణము నుండి ఏ క్షణము వరకు చూపవలెను, దానిపై ఏ రంగు దిద్దవలెను, ఏ పేరు వేయవలెను అను ఆదేశములు మాత్రమే ఉండును. వంట కాదు, వంటవానికి వ్రాసి ఇచ్చిన చీటీ అనుకొనుడు. కొత్త వెర్షను పాత చీటీని చదువగలదు. పాత వెర్షను కొత్త చీటీని చదువలేదు. ప్రీమియర్ పాత ప్రాజెక్టును తెరచునప్పుడు దానిని కొత్త రూపమునకు మార్చును, అటుపిమ్మట ఆ మార్చినది పాతదానిలో తెరచుకొనదు. డావిన్చి రిజాల్వ్ అను మరియొక సాఫ్ట్‌వేరులోను ఇదే పద్ధతి. ఎక్స్.ఎమ్.ఎల్. వంటి మధ్యవర్తి ఫైళ్లు లేకపోలేదు. కాని వాటి గుండా పోయినప్పుడు కత్తిరింపులు నిలుచును గాని రంగుల దిద్దుబాటు, పేర్ల పలకలు, కొన్ని హంగులు దారిలో జారిపోవును. కనుక ఆళ్లగడ్డ యువకుని భయము పిరికితనము కాదు.

ఈ వృత్తిలో అటువంటి దెబ్బలు పెద్దవారికే తగిలినవి. 2011లో ఆపిల్ సంస్థ ఫైనల్ కట్ ప్రో యొక్క కొత్త రూపమును విడుదల చేసినప్పుడు అది అంతకుముందటి వెర్షనులో చేసిన ప్రాజెక్టులను తెరువలేకపోయినది. సంవత్సరముల కష్టమును దానిలో దాచుకొన్న ఎడిటర్లు లోకమంతట గగ్గోలు పెట్టిరి. మన దేశములో పెండ్లి చిత్రములవారికి బాగుగా పరిచయమైన ఎడియస్ 2013లో ఏడవ వెర్షనుతో పూర్తిగా 64 బిట్ల పద్ధతికి మారినది. అంతవరకు సొమ్ము పెట్టి కొనుక్కొన్న 32 బిట్ల అనుబంధములు, అనగా పూలు రాలుట, పుటలు తిరుగుట మున్నగు హంగులు చూపునవి, దానిలో పనిచేయకపోయెను. ఆ 2013లోనే అడోబీ వారు ఇకపై తమ సాఫ్ట్‌వేరు కొత్త వెర్షన్లు అద్దెకే గాని అమ్మకమునకు లేవని ప్రకటించిరి. మన వారి చేతనున్న సి.ఎస్.6 ఒకేసారి సొమ్ము చెల్లించి సొంతము చేసికొనదగిన వెర్షన్లలో కడపటిది. అద్దె కట్టువారికి కూడ ఎంత పాతది కావలెనన్న అంత పాతది దొరకదు. 2019 నుండి నడుచుచున్న ప్రధాన వెర్షనును, దాని వెనుకటి దానిని మాత్రమే ఇచ్చుచున్నారు. అనగా ఒకసారి అద్దె ఇంటిలో కాలు పెట్టినవాడు యజమాని గోడలు మార్చినప్పుడెల్ల తానును మంచము జరుపుకొనవలెను.

ఇంతవరకు చిన్నవాని పక్షము. పెద్దవాని పక్షమున కూడ న్యాయమున్నది.

పాత కెమెరాలు ఒక్కొక్క రంగును 256 మెట్లుగా విభజించి వ్రాసెడివి. దీనిని 8 బిట్లు అందురు. కొత్తవి 10 బిట్లతో 1024 మెట్లుగా వ్రాయుచున్నవి. సంధ్యవేళ ఆకాశమునుగాని, దీపము చుట్టును వ్యాపించు కాంతినిగాని 256 మెట్లలో చిత్రించి తరువాత రంగు దిద్దబోయినచో చారలు చారలుగా విడిపోవును. 1024 మెట్లున్నచో ఆ బెడద చాల తగ్గును. కాని ఆ ఫైళ్లను పెక్కు కెమెరాలు హెచ్.ఇ.వి.సి. అను గట్టి ముడుపుగా కట్టును. ఆ పద్ధతి 2013లో ప్రమాణముగా వెలువడినది. అంతకు ముందే పుట్టిన సి.ఎస్.6 ఆ ముడి విప్పలేదు. అందువలననే ప్రతి ఫైలును మరియొక రూపమునకు మార్చుకొని, అటుపిమ్మట పని మొదలుపెట్టవలసి వచ్చుచున్నది.

నన్ను ఇంతకంటె ఎక్కువ కదలించినది మన లిపి. సి.ఎస్.6లో యూనికోడు తెలుగు సరిగా కుదరదు. "లక్ష్మి" అని వ్రాసిన వత్తులు విడివడి, హలంతములు బయటపడి, వధువు పేరు ముక్కలై నిలుచును. అందుచేత మన వారు అను ఫాంటులను ఆశ్రయించిరి. అవి ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు అక్షరముల తునకలను అమర్చి పని గడుపును. ఫాంటు ఉన్న యంత్రములో చక్కని తెలుగు కనబడును. అదే ప్రాజెక్టును ఫాంటు లేని యంత్రములో తెరచినచో అర్థము లేని ఇంగ్లీషు గీతలు కనబడును. ఇటీవలి ప్రీమియర్‌లో దక్షిణాసియా లిపుల కొరకు వేరుగా ఒక అమరిక ఉన్నది. దానిని ఎంచుకొన్నచో యూనికోడు తెలుగు వత్తులతో, గుణింతములతో సరిగా కూడుకొని వచ్చును. శుభలేఖలో అక్షరదోషము వచ్చిన అచ్చుకూటమువానితో పోట్లాడు మనము, చిత్రములో వధువు పేరు విరిగియున్న "ఏదో కంప్యూటరు లోపము" అని ఊరకుందుము. ఊరకుండనక్కరలేదు.

అయితే కొత్త వెర్షను ఒంటరిగా రాదు, మగపెండ్లివారివలె బంధువులతో వచ్చును. దానికి బలమైన గ్రాఫిక్సు కార్డు కావలెను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి ఉచిత సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను అంగీకరించదు. నెలనెల అద్దె పైకి కనబడు ఖర్చు, యంత్రము లోపలినుండి వచ్చు ఖర్చు. ఇక తాళము పగులగొట్టిన ప్రతులు ఉచితముగా దొరకునని కొందరు చెప్పుదురు. పరుల ఇండ్ల పెండ్లిండ్లు దాచియుంచిన యంత్రములో ఎవరో తెలియనివాడు తాళము పగులగొట్టి ఇచ్చినదానిని వేసికొనుట నాకు బుద్ధిమంతుల పనిగా తోచదు. పైన చెప్పిన రిజాల్వ్‌కు సక్రమమైన ఉచిత వెర్షనే ఉన్నది. అందులో కొన్ని వసతులుండవు, చేయి తిరుగుటకు కాలము పట్టును, కాని అది దొంగసొత్తు కాదు.

మాటల మధ్య నంద్యాలవాడు ఒక సంగతి చెప్పెను. కొన్ని నెలల క్రిందట ఒక స్త్రీ ఆ గదికి వచ్చినది. ఆమె పెండ్లియై ఆరేండ్లు గడచినవి. తండ్రి కాలము చేసినాడు. ఇంటిలోనున్న పెండ్లి చిత్రములో కన్యాదాన సమయమున తండ్రి ముఖము నాలుగు క్షణములు మాత్రమే ఉన్నదట, తక్కినదంతయు పాటకు తగినట్లు కత్తిరించినారట. మిగిలినది ఏమైనను దొరకునా అని అడిగినది. అదృష్టవశమున మూల దృశ్యములును, ప్రాజెక్టును పాత డిస్కులో ఉన్నవి. పాత వెర్షనులో తెరచి చూడగా, కాళ్లు కడుగునప్పుడు ఆయన ఉత్తరీయముతో కన్నులు తుడుచుకొన్న దృశ్యము మూడు నిమిషముల నిడివి అట్లే ఉన్నది. ఆనాడు కెమెరా పట్టినవాడు ఈ ఆళ్లగడ్డ యువకుడే. ఈ సంగతి విన్న తరువాత అంతవరకు నేను మనసులో కూర్చుకొన్న తీర్పు కొంత మారినది.

నా అభిప్రాయము ఇది. మారవలెను, కాని పాతదానిని చెరపి దాని స్థానమున కొత్తది వేయరాదు. కొత్తది వేరొక యంత్రములో వేయవలెను. పాత యంత్రమును దాని ఫాంటులతో, అనుబంధములతో, ఉన్నదున్నట్లుగా ఉంచి, ఇంటర్‌నెట్టు తీసివేయవలెను. సి.ఎస్.6 అమ్మకమే 2017లో నిలిచిపోయినది గనుక ఆ యంత్రము చెడినచో మరల సమకూర్చుకొనుట సులభము కాదు. దాని డిస్కునకు నకలు తీసి మరియొక ఊరిలో ఉంచవలెను. ఆ మరియొక ఊరు ఆళ్లగడ్డయే కావచ్చును. రెండవది, మారినచో ఇద్దరును ఒకేసారి మారవలెను. ఒకడు ముందు, ఒకడు వెనుక అయినచో చీటీ చదువలేని చిక్కు ప్రతి పెండ్లికిని వచ్చును. మూడవ సంగతి, కొత్త వెర్షను వెలువడిన మొదటి వారమున తొందరపడరాదు. మొదటి దిద్దుబాట్లు వచ్చువరకు ఓపిక పట్టినవాడు చెడడు.

ఎప్పుడు మారవలెనను ప్రశ్నకు మన పంచాంగమే సమాధానము చెప్పుచున్నది. సంక్రాంతి తరువాత తగదు. కనుమ నాడు మొదలగు అహోబిలము పారువేటలో స్వామి సుమారు 40 దినములు గ్రామగ్రామమునకు వేంచేయును. ఆళ్లగడ్డ యువకుడు ఏటేట దానిని చిత్రించును. అది నడుచుచుండగా పనిముట్టు మార్చుట ప్రవాహము నడుమ పడవ మార్చుట. మాఘ ఫాల్గుణములు, వైశాఖము లగ్నముల కాలము. ఆషాఢములో ముహూర్తములు లేవు. వైశాఖము బాకీలు తీర్చి, శ్రావణము వచ్చులోపల చేతికి కొంత తీరిక దొరకును. అప్పుడు ముగిసిపోయిన ఒక పెండ్లి ప్రాజెక్టునకు నకలు తీసి, కొత్తదానిలో తెరచి, రెండు యంత్రములను పక్కపక్కన పెట్టి ఆదినుండి అంతమువరకు చూడవలెను. పాత టైటిలు పరికరము ఇప్పటి ప్రీమియర్‌లో లేదు గనుక పేర్ల పలకలను మరీ జాగ్రత్తగా పరిశీలింపవలెను.

అడోబీ వారు ప్రయోగార్థము 7 దినముల గడువు ఇచ్చుదురు. నంద్యాలవాడు తన కుమారుని కంప్యూటరులో ఆ ప్రతిని అప్పటికే వేసియుంచినాడు. నేను చెప్పినది విని ఆళ్లగడ్డ యువకుడు చాలసేపు మాటాడలేదు. తరువాత లేచి ఆ కంప్యూటరు ముందు కూర్చుండి, లిపి అమరిక మార్చి, "చి. ల. సౌ. శ్రీలక్ష్మి" అని కొట్టినాడు. క్షకు మవత్తు క్రిందనే కూర్చున్నది. శ్రీ చెదరలేదు. అక్షరమును పెద్దది చేసి, చిన్నది చేసి, పక్కకు జరిపి చూచినాడు.

"సరే అన్నా, ఆషాఢంలో చూద్దాం," అన్నాడు. తలుపు దాకా వెళ్లి మరల తిరిగినాడు. "పాత మిషను మాత్రం ఎవరికీ అమ్మొద్దు."