ఉన్నత పాఠశాలయందు పరిశోధన: దేనిని చేపట్టవలెను?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయము పుస్తకములను భద్రపరచు చోటు మాత్రమే కాదు. ఊరి ప్రశ్నలకు సమాధానము వెదకువారందరికి అది నెలవు. ఆ ప్రశ్నలను సంకోచము లేక అడుగగలవారు బడిపిల్లలు. అడుగు పద్ధతి నేర్పవలసినవాడు ఉపాధ్యాయుడు. కావున ఈ పాతికేండ్ల పండుగనాడు ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని చిక్కును గూర్చి విచారించుట ఉచితము.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతమున ఒక ఉపాధ్యాయుడు ఎనిమిదవ తరగతి పిల్లలచేత ఈ యేడు ఒక పరిశోధన చేయింపదలచెననుకొనుడు. చేతనున్నది ఒక్క సంవత్సరము. వారమునకు ఒకటి రెండు గంటలు. మనసులోని విషయములు మూడు. మూడింటిని పట్టినచో ఒకటియు దక్కదు. దేనిని చేపట్టవలెను?

పిల్లలు పనిచేయుచు నేర్వవలెననుట క్రొత్త మాట కాదు. అమెరికాలో కిల్పాట్రిక్ 1918లోనే ప్రాజెక్టు పద్ధతిని ప్రతిపాదించెను. చేతిపని మూలమున విద్య గరపవలెనని గాంధీమహాత్ముడు 1937లో వార్ధాయందు ఉద్బోధించెను. మధ్యప్రదేశమున హోషంగాబాదు గ్రామాల బడులలో 1972 నుండి ముప్పది యేండ్లు పిల్లలు ప్రయోగములు చేసి విజ్ఞానశాస్త్రము నేర్చిరి. 1993 నుండి జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు, పిల్లలు తమ ఊరి సమస్యలనే పరిశోధింపవలెనని ప్రోత్సహించినది. అయినను అనేక స్థలములయందు ప్రాజెక్టు అనగా అంగడిలో కొన్న బొమ్మలను అట్టమీద అతికించుట, అక్క వ్రాసిన పుస్తకమును చెల్లెలు ఎత్తి వ్రాయుట అను స్థితి ఏర్పడినది. పేరు నిలిచినది, పరిశోధన జారిపోయినది. విషయమును ఎంచుకొనునప్పటి తొందరపాటే దీనికి మొదటి కారణము.

ఎంపిక ఎట్లుండవలెనో తెలుపుటకు తెలుగువారిలో ఒక గొప్ప ఉదాహరణము కలదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పరిశోధనాలయపు ఉద్యోగి కారు. 1880 నుండి పర్లాకిమిడిలో బడిపంతులు. చరిత్ర బోధించుచు, తాము పుట్టిన ప్రాంతమందలి శ్రీముఖలింగ దేవాలయ శాసనములను చదువ నేర్చిరి. చుట్టుపట్ల కొండలలో నివసించు సవరల భాషకు వ్రాతపుస్తకములు లేకపోవుట చూచి, ఆ భాష ఎరిగినవానిని ఇంట నుంచుకొని దానిని నేర్చుకొనిరి. సవర పిల్లలకు బడులు పెట్టిరి. ఆ కృషి ఫలమైన సవర భాషా గ్రంథము 1931లో వెలువడినది. ఆయన దూరదేశపు విద్యలకై పరుగిడలేదు. గుమ్మము ముందు నిలిచిన ప్రశ్నను పట్టిరి, దశాబ్దములు విడువలేదు. ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి పాఠము వేరొకటి లేదు.

ఇక మన ఉపాధ్యాయుని మూడు విషయములను చూడుడు.

మొదటిది చరిత్ర. దోమకొండ కోట, కౌలాసు కోట ఈ జిల్లాలోనివే. దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించినది. ఊరి పేరు ఎట్లు వచ్చెను, పాత బావిని ఎవరు త్రవ్వించిరి అని పిల్లలు ముసలివారిని అడిగి వ్రాసుకొనిన మంచిదే. ముసలివారితో పాటు పోవు జ్ఞానము కొంతైన నిలుచును. కాని ఒకరు చెప్పినది మరొకరు కాదందురు. నిగ్గు తేల్చుటకు దస్తావేజులు కావలెను. అందులో పాతవి కొన్ని ఉర్దూలోను, పారసీకములోను ఉండును. ఎనిమిదవ తరగతి పిల్లలకు అది భారము.

రెండవది నీరు. ఎల్లారెడ్డి వైపు 1916-1922 నడుమ కట్టిన పోచారము చెరువు నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలముల పొలములకు నీరందించుచున్నది. మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము కట్టిననాడు 29 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టెడిది. పూడిక చేరుటచే నేడు దాని సామర్థ్యము 17.8 టి.ఎం.సి.లు. కామారెడ్డి వైపు మెట్ట పొలములలో బోరే దిక్కు. బోరు ఎండి అప్పు మాత్రము మిగిలిన ఇండ్లు ఎన్నియో కలవు. మరియొక ప్రక్క, 2025 ఆగస్టు చివర ఈ జిల్లాలో కొన్ని చోట్ల ఒక్క దినముననే 40 సెంటీమీటర్లు మించిన వాన కురిసెను. అనగా ఎకరము నేలమీద 16 లక్షల లీటర్లకు పైగా నీరు పడినదన్నమాట. అంత నీరు ఒక దినమున పోవుటయు, వేసవిలో బిందెడు నీటికి వెదకుటయు ఒకే నేలమీద జరుగుచున్నవి. ఇది పిల్లలు నోట విన్నది కాదు, కంట చూచినది.

మూడవది తరగతియే. కొందరు పిల్లలు భిన్నముల లెక్కలలో ఏల తడబడుచున్నారు? ఇంటిపని ఏల చేసి తేరు? స్టీఫెన్ కోరే అను అమెరికా విద్వాంసుడు 1953లో ప్రకటించిన గ్రంథమున, తరగతి సమస్యను ఉపాధ్యాయుడే పరిశోధించి దిద్దుకొనవచ్చునని వివరించెను. దీనినే చర్యాత్మక పరిశోధన యందురు. ఇంటిపని చేయని పిల్లను సోమరియని తిట్టుట సులభము. సాయంకాలము ఆమె తల్లి ప్రక్కన కూర్చుండి బీడీలు చుట్టుచున్నదేమో, నాట్ల కాలమున తమ్ముని ఎత్తుకొని ఇల్లు కాయుచున్నదేమో విచారించుట కష్టము. కష్టమైనను అవసరము. అయితే ఇది పిల్లలచేత చేయింపదగినది కాదు. ఒకరి ఇంటి బాధ పదుగురి నోట పడరాదు.

ఈ మూడింటిని నాలుగు ప్రశ్నలతో తూచవచ్చును. సమాధానము ముందే పుస్తకములో ఉన్నదా? ఉన్నచో అది పరిశోధన కాదు, ఎత్తివ్రాత. పిల్లలు తమ చేతులతో కొలువగలరా? ఒక యేడాదిలో కొంతైన తేలునా? తేలినది ఊరికి పనికివచ్చునా, ఎవరికిని హాని చేయకుండునా?

ఈ తూనికలో నీటి విషయమే మొగ్గును. దానికి ఖర్చు స్వల్పము. అంచులు నిట్టనిలువుగానున్న పాత్రను చెట్లకు, గోడలకు దూరముగా బయట నుంచి, ప్రతి ఉదయము 8:30 గంటలకు అందలి నీటి ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచి వ్రాయవలెను. పాత బావిలో నీటిమట్టమును బరువు కట్టిన త్రాటితో, ప్రతి నెల ఒకే తేదీన, ఒకే గట్టు నుండి, మోటారు నడువక ముందు కొలువవలెను; పెద్దవారు ప్రక్కన లేనిదే బావికడకు పోరాదు. బోరు కడ 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని క్షణములలో నిండుచున్నదో చూచిన చాలు. శ్రావణమున 40 క్షణములలో నిండినది ఫాల్గుణమున 80 క్షణములు పట్టినచో ఆ బోరు ధార సగమైనదని పిల్లవాడే లెక్కగట్టును. భిన్నములు అతనికి అప్పుడు నల్లబల్లమీది గీతలు కావు. ఏ చేతిపంపు మొదట ఎండునో అతని తల్లికి తెలిసియేయుండును; ఆమెను అడిగి వ్రాయుటయు పరిశోధనయే. కామారెడ్డి బడి బోరు నేలను, ఎల్లారెడ్డి బడి కాలువ నేలను కొలిచి లెక్కలు మార్చుకొనినచో రెండు బడులకును లాభము.

మూడవ ప్రశ్నను మాత్రము విడువరాదు. దానిని ఉపాధ్యాయుడు పేర్లు వ్రాయక, తన సొంత పుస్తకములో, తన బోధను దిద్దుకొనుటకై నడుపుకొనవలెను. కొలతలకు వెళ్ళలేని పిల్ల ఏల వెళ్ళలేకపోయెనో అందు తెలియవచ్చును.

ఒక చిక్కు మిగిలియున్నది. ఒక యేటి వాన లెక్క వలన తేలునది కొంచెమే. పిల్లలు తరగతి మారుదురు, ఉపాధ్యాయునకు బదిలీ యగును, ఆ పుస్తకము ఏ బీరువాలోనో చిరిగిపోవును. ఇక్కడనే గ్రంథాలయము పని మొదలగును. బడి లెక్కపుస్తకమును ప్రతి యేడు చివర గ్రంథాలయము తీసికొని సంఖ్యవేసి భద్రపరచవలెను. తరువాతి తరగతి అచ్చటినుండియే ఆరంభింపవలెను. బోరు వేయదలచిన రైతు వచ్చి ఆ పుస్తకమును అడిగి చూచుకొనవలెను. పిల్లలు వ్రాసిన అంకెను చూచి ఒక రైతు చేయబోవు అప్పు ఆగినను ఆ పరిశోధన సార్థకము.

గడచిన పాతికేండ్లలో ఈ ఊరి గ్రంథాలయము ఇతరులు వ్రాసిన పుస్తకములను ఊరికి తెచ్చినది. రాబోవు పాతికేండ్లలో ఊరివారే వ్రాసిన పుస్తకమునకు ఒక అర కేటాయించుగాక! ఆ అరలో మొదటి పుస్తకము ఎనిమిదవ తరగతి పిల్లల వానల లెక్క కాదగును. అందుకు కావలసినది ఒక పాత్ర, ఒక త్రాడు, ఒక కొలబద్ద, ఏమరుపాటు లేని ఒక ఉపాధ్యాయుడు.