కొలువులో నిన్నటి లెక్క



తిరుమలలో సుప్రభాతం, తోమాల సేవ ముగిసిన పిదప శ్రీవారికి కొలువు జరుగుతుంది. కొలువు శ్రీనివాసమూర్తిని స్నపన మండపానికి వేంచేపు చేయించి, ఆనాటి తిథి, వార, నక్షత్రాలను, జరుగవలసిన ఉత్సవాలను విన్నవిస్తారు. అనంతరం ముందురోజు హుండీ ఆదాయాన్ని నోట్లు, నాణేలు, బంగారం అంటూ వివరంగా చదువుతారు. నిత్యాన్నదానానికి విరాళమిచ్చిన దాతల పేర్లు కూడా వినిపిస్తారు. నువ్వుల పిండి, బెల్లం నివేదన అవుతుంది.

సర్వజ్ఞుడైన స్వామికి లెక్క ఎందుకు? ఆయనకు అక్కరలేదు. ధనాన్ని చేపట్టినవారికే అది అవసరం. స్వామి ఎదుట చదువవలసిన లెక్కను రేపటికి వాయిదా వేయగలమా!

మా తండ్రిగారు నిత్యపూజకు ఏనాడూ లోపం చేయలేదు. లెక్క మాత్రం వ్రాసేవారు కారు, అంతా జ్ఞాపకమే. ఆయన గతించిన పదిహేనవనాడు ఒక పెద్దమనిషి వచ్చి, తమకు బాకీ ఉన్నదన్నారు. అది నిజమో కాదో తేల్చే కాగితం ఇంట్లో లేదు. భర్త మాట పోరాదని మా అమ్మగారు గాజులు అమ్మి చెల్లించారు. మరుసటి ఏడు పాత పంచాంగం పుటల నడుమ రశీదు కనబడింది. ఆ బాకీ ఎన్నడో తీరిపోయింది! ఆ పెద్దమనిషి మోసం చేశారని నేను అనను. బహుశా ఆయనా వ్రాసుకోలేదు. అడుగుదామంటే అప్పటికి ఆయనా లేరు.

నాటినుండి మా పూజామందిరం ప్రక్కన ఒక నోటుపుస్తకం ఉంటుంది. దీపం వెలిగించి, తిథి చెప్పుకొని, నేడు చేయవలసినవి, నిన్నటి రాబడి, ఖర్చు, ఇతరులకు ఇవ్వవలసినవి, మ్రొక్కిన మ్రొక్కులు పైకి చదువుతాను. అయిదు నిమిషాల పని. మనసులో చదివితే ఫలితం లేదు; అనవసరపు ఖర్చును స్వామి ఎదుట నోటితో పలికినప్పుడే సిగ్గు కలుగుతుంది. స్వామి మౌనంగా విన్నా, వంటయింట్లోని మా గృహిణి ఊరకుండదు. ఒకనాడు తప్పినచో దిగులుపడి పుస్తకం మూసివేయకండి. మరునాడు ఆనాటి తిథితోనే మొదలుపెట్టండి.

మ్రొక్కుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆపదలో మ్రొక్కి, గట్టెక్కిన పిమ్మట మరచినవారు మనలో ఎందరో! నా పుస్తకంలోనే రెండు దొరికాయి. ఒకటి తీర్చుకొనుటకే ఇక్కడికి వచ్చాను.

ఇవాళ్టి పుటలో మరొక వాక్యం ఉన్నది: “పొరుగువారి నిచ్చెన తిరిగి ఇవ్వవలెను.” పదకొండు రోజులుగా దానిని స్వామికి చదివి వినిపిస్తున్నాను. రేపు ఊరు చేరగానే ఇచ్చివేస్తాను.