విద్యాలయ భూమి - నలుగురి అవసరాలు



ఆటపాటల నడుమ భూమిని గూర్చిన ఈ ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. మనము రబ్బరు తోటలలో చెట్లకు గాటు పెట్టి పాలు తీసిన వారి సంతతి. నేలను ఎవరు పంచితిరో, ఆ పంపకము బ్రతుకులనెట్లు నడిపించునో మన ఇండ్లలో తెలియని వారు లేరు.

మలయా విశ్వవిద్యాలయము 1949లో సింగపూరులో ఏర్పడినది. కౌలాలంపూరు శాఖ 1962లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైనది. లెంబా పంతాయ్‌లోని దాని ఆవరణ ఒక చిన్న పట్నమే. తరగతి గదులు, ప్రయోగశాలలు, వసతిగృహాలు, ఆటస్థలాలు, చెరువు, పెద్ద ఆసుపత్రి అన్నీ అక్కడున్నవి. 1974లో నెలకొల్పిన రింబా ఇల్ము వృక్షోద్యానము 80 హెక్టార్ల మేర ఉన్నది. ఆ పేరునకు విజ్ఞాన వనమని అర్థము.

ఇన్ని అవసరాలు ఒకే నేలపై ఇమడవలెనంటే ముందుచూపు కావలెను. మొదట చూడవలసినది నీటి దారి. కౌలాలంపూరులో ఏటా 2,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. పల్లమును చెరువుకు, వాలు నేలను చెట్లకు వదలి, గట్టి మిట్టలపై కట్టడాలు లేపుట క్షేమము. వాలుపై చెట్లు కొట్టివేసినచో మట్టి కొట్టుకొనిపోయి చెరువు పూడిపోవును.

రెండవది నడక. వసతి, భోజనశాల, గ్రంథాలయము దగ్గరగా ఉండి, నడుమ నీడబాట ఉన్నచో వాహనాల అవసరము తగ్గును. 1998లో యూనివర్సిటీ పేరుతో రైలు స్టేషను వచ్చినను, అది ఆవరణకు వెలుపల పెద్ద రహదారి ప్రక్కన ఉన్నందున లోపలికి చేరుటకు బస్సు కావలసివచ్చినది.

మూడవది ఆసుపత్రి. రాత్రింబవళ్ళు రోగులు, వారి బంధువులు వచ్చెడి చోటుకు దారి వేరుగా ఉండవలెను. అంబులెన్సు విద్యార్థుల వసతుల మధ్య చిక్కుకొనరాదు.

నాల్గవది తోట. పటములో కట్టడము లేని చోటును ఖాళీ అనుట పొరపాటు. వృక్షశాస్త్రము చదివే పిల్లలకు ఆ తోటయే ప్రయోగశాల.

ఎస్టేటులోను ఇల్లు, పని, బడి, గుడి ఒకే నేలపై ఉండెను. కూలీల లైన్లకు ఎంత దూరాన ఫ్యాక్టరీ ఉండవలెనో, దొర బంగళా ఏ గుట్టపై ఉండవలెనో యజమాని నిర్ణయించెను. అన్నీ అతని భూమిపైనే ఉండుట వలన, తోట అమ్ముడైన నాడు కూలి కుటుంబానికి పని, ఇల్లు, గుడి ఒక్కసారే పోయినవి. విశ్వవిద్యాలయమునకు పొరుగుననున్న పెటాలింగ్ జయ పట్నము కూడ 1950వ దశకములో ఎఫింగ్‌హాం ఎస్టేటు రబ్బరు నేలపై వెలసినదే.

కావున అన్ని ఉపయోగాలను ఒకచోట కలుపుట మాత్రమే మంచి ప్రణాళిక కాదు. అచ్చట నివసించేవారిని, పనిచేసేవారిని, చికిత్సకు వచ్చేవారిని ముందుగా అడిగి చేయునదే మంచి ప్రణాళిక. తోటమాలికి, వంటమనిషికి తెలిసిన సంగతులు పటము గీసేవారికి తెలియకపోవచ్చును.

మన చిరంజీవులలో ఇంజనీర్లు, పట్టణ ప్రణాళిక చదువుతున్నవారు ఉన్నారు. పటముపై గీత గీయుటకు ముందు ఆ నేలపై ఒకమారు నడచి, అక్కడివారితో మాటాడవలెనని వారిని కోరుచున్నాము. తాత ముత్తాతలను ఎవరూ అడగలేదు. మనవలైనా అడిగి కట్టవలెను.