ఏది ఎక్కడుందో తెలిస్తేనే భద్రత



2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలో ఉన్న సుమారు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని దుండగులు ఎవరూ తెరవలేకుండా చేశారు. ఓపీ చీటీ నుంచి డిశ్చార్జి దాకా అన్నీ చేత్తో రాయాల్సి వచ్చింది. చాలా సేవలు తిరిగి గాడిన పడడానికి రెండు వారాలు పట్టింది.

నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అంటే ఒక చోట చొరబడ్డవాణ్ణి పక్క విభాగంలోకి పోకుండా ఆపే ఏర్పాటు సరిగా లేదు. అయితే దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టి రోగుల వివరాలు మళ్లీ దక్కాయి. ఏ సమాచారం ఎక్కడ ఉండాలి, ఎవరికి అందాలి అని ముందే తేల్చుకోవడాన్ని డేటా గవర్నెన్స్ అంటారు.

ఇది పెద్ద సంస్థల గొడవ అనుకోకండి. మన ఊళ్లో నర్సింగ్ హోముల్లో రోగుల రిపోర్టులున్నాయి, బడుల్లో పిల్లల వివరాలున్నాయి, చిట్‌ఫండ్ ఆఫీసుల్లో మీ ఆధార్, పాన్ జిరాక్సులున్నాయి. ఆ సంస్థలను నడిపే పెద్దలు ఇక్కడే కూర్చుని ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. మీ దగ్గర ఉన్న వివరాల జాబితా ఉందా? ఒక్కోదానికి జవాబుదారీ ఎవరు?

ఈ జవాబుదారీతనం లేని చోటే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఆఫీసు మొత్తానికి ఒకటే పాస్‌వర్డ్. మానేసి వెళ్లిన గుమాస్తా లాగిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఖాతాదారుల చిట్టా వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. ఇలాంటి చోట ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా దండగే. ఎవరి పనికి ఎంత అవసరమో అంతే చూడనివ్వాలి. మనిషి మానేసిన రోజే లాగిన్ తీసేయాలి. బ్యాకప్‌ను వేరేగా ఉంచి, అది తెరుచుకుంటుందో లేదో అప్పుడప్పుడూ పరీక్షించాలి. ఇవన్నీ కంప్యూటర్ కుర్రాడి మీద వదిలేసే పనులు కావు. యాజమాన్యమే నిర్ణయించాలి.

పని తీరిన వివరాలను దాచుకోవడమూ ప్రమాదమే. మన దగ్గర లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, వేరే చట్టం ఉంచమంటే తప్ప, అవసరం తీరాక చెరిపేయమంటోంది. తగిన భద్రత లేక వివరాలు బయటికి పోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలు అందులో ఉంది.

సంస్థలు నడపని తక్కిన వారికి ఒక మాట. ఆధార్ కాపీ అడిగితే ఎందుకని అడగండి. వీలైన చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. సంస్థలు నడిపేవారు రేపు ఆఫీసు తెరవగానే మీ దగ్గరున్న వివరాల జాబితా రాయడం మొదలుపెట్టండి. జనం మిమ్మల్ని నమ్మి ఇచ్చిన వివరాలవి, వాటిని కాపాడే బాధ్యత మీదే.