ఆలస్యంగా బడికొచ్చిన మాస్టార్లు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యలో వదిలేసిన వృత్తిలోకి మళ్లీ వెళ్లడం గురించి మాట్లాడమన్నారు. ఈ సభలో టీచర్లం చాలామందిమి ఉన్నాం కాబట్టి మన వృత్తి సంగతే చెబుతాను.

1998 డీఎస్సీ వాళ్లు మీకు గుర్తుండే ఉంటారు. అర్హత సాధించి కూడా కొలువు రాక, కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి పొట్టకూటి కోసం తలో దారి పట్టారు. మన పక్కనే చోడవరం ఎమ్మెల్యేగా చేసిన కరణం ధర్మశ్రీ గారు కూడా ఆ డీఎస్సీ వారే. 2022లో ప్రభుత్వం వాళ్లకు ఉద్యోగాలిస్తామంది. మరుసటి ఏడు మినిమమ్ టైమ్ స్కేలు మీద, కాంట్రాక్టు పద్ధతిలో బళ్లలో చేరారు. అప్పటికి చాలామందికి యాభై దాటింది. దాంతో జరిగిన అన్యాయం సరిపోయిందని నేననను.

వాళ్లు ట్రైనింగ్ అయిననాటి బడి వేరు. అప్పుడు మాస్టారి చేతిలో బెత్తం ఉండేది. 2009 విద్యాహక్కు చట్టం దాన్ని తీసేసింది. ఇప్పుడు పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు. హాజరేమో ఫోనుకు ముఖం చూపించి వేయాలి. ఫోనుతోనే ఇబ్బంది అనుకుంటాం గానీ, అది పది రోజుల్లో వచ్చేస్తుంది. పక్క క్లాసు మేడమ్ నేర్పిస్తుంది. అసలు కష్టం రోజంతా నిలబడి గొంతు నిలుపుకోవడం, ఒకటో తరగతి పిల్లాడి ఏడుపు మాన్పించడం, ఒకే గదిలో రెండు తరగతులు నడపడం. ఇవి మరో టీచరు క్లాసులో కూర్చుని చూస్తేనే వస్తాయి. హెడ్మాస్టర్లకు నా మనవి ఒకటే: అలా వచ్చినవాళ్లకు మొదటి నెలలోనే రిజిస్టర్లు, యాప్‌లు అంటగట్టకండి.

వాళ్లు వట్టి చేతులతో కూడా రారు. సంతలో బేరమాడి బతికిన మనిషి చిల్లర లెక్క చెబితే పిల్లలు వేరేగా వింటారు.

ఇక మన బడిలో చదివి, బీఈడీ చేసి, పెళ్లయి, పిల్లల కోసం ఇంట్లో ఉండిపోయిన చెల్లెళ్లకు ఒక మాట. పెట్టెలోని టెట్ సర్టిఫికెట్ పనికిరాదనుకోకండి. మొదట్లో దానికి ఏడేళ్లే గడువు. 2011 నుంచి ఇచ్చినవన్నీ జీవితాంతం చెల్లుతాయని 2021లో కేంద్రం ప్రకటించింది. వయసు మాత్రం మనకోసం ఆగదమ్మా. 2025 మెగా డీఎస్సీలో జనరల్ అభ్యర్థులకు 44 ఏళ్లే పరిమితి. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంది. అది దాటినా ప్రైవేటు బడులున్నాయి, అక్కడ జీతం ఎంతన్నది వేరే సంగతి.

హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటే, అలాంటివాళ్లు వారానికి రెండు పూటలు ఇక్కడ వెనక బెంచీలో కూర్చుని పాఠాలు చూసే ఏర్పాటు మన సంఘం చేయాలని నా కోరిక. భోజనాల దగ్గర పేర్లు రాసుకుంటాను. మొహమాటమైతే ఇంట్లో వాళ్లచేత చెప్పించండి.