సంచి లాక్కున్న చెయ్యి



ముందు ఒక పని చేద్దాం. కండ్లు మూసుకోండి. 'చెరుకు రైతు' అంటాను. ఎవరు కనిపించారు? తలకు రుమాలు చుట్టుకున్న మగమనిషే కదా! నాకూ అంతే. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అప్పటిదాకా బండ్ల మీద చెరుకు తోలింది మగవాళ్ళే. మనం చూసింది అదే. మరి చెరుకు ముక్కలు నాటింది ఎవరు? కలుపు తీసింది ఎవరు? మనం కాదా? మన కష్టాన్ని మన మనసే లెక్కలో వేసుకోలేదు.

ఇట్లాంటివి మనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చూసి చూసి, విని విని లోపల దాగుంటాయి.

నా సంగతి చెప్తాను. సిగ్గుగానే ఉంది. ఒకసారి నిజామాబాద్ నుంచి బోధన్‌కు బస్సులో పోతున్నాను. పక్కన మంచి చీర కట్టుకున్న ఒకామె కూర్చున్నది. ఎడపల్లిలో దిగింది. అదే సీట్లో తండా అక్క ఒకామె వచ్చి కూర్చున్నది. వెంటనే నా చెయ్యి సంచిని ఒళ్ళోకి లాక్కున్నది. నేను అనుకొని చేయలేదు. కానీ ఆ చెయ్యి నాదే.

ఆమె చూసింది. తన మూటను కూడా ఒళ్ళో పెట్టుకున్నది. "నీకు భయమైతే నాకూ భయమే గదా చెల్లే" అన్నది. నవ్వుకుంటనే అన్నది. బోధన్ దాకా నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. 'మనుషులందరూ సమానం' అని ఇదే బోర్డు మీద మీచేత చదివించింది నేనే!

పాకాల ఊరు మన నిజామాబాద్ జిల్లాదే. ఆ ఊరి లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ. 2014 మే 25న ఎవరెస్టు కొండ ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు నిండలేదు. నిజామాబాద్ పట్నం బిడ్డ నిఖత్ జరీన్. 2022లో, 2023లో బాక్సింగులో ప్రపంచ విజేత. ఇద్దరి ఫోటోలూ పేపర్లో చూసి మురిసిపోయినం. మరి తండా పిల్ల మన పక్క సీట్లో కూర్చుంటే? మన బిడ్డ 'నేనూ బాక్సింగ్ నేర్చుకుంట' అంటే? 'ఆడపిల్లకు ఇవేం పనులు' అని ముందుగా అనేది మనమేనేమో!

ఇప్పుడు నేను ఒకటి అలవాటు చేసుకుంటున్నాను. ఎవరినన్నా చూసి 'వీళ్ళు ఇంతే' అనిపించగానే ఆగుతాను. 'నువ్వు చూసినవా, విన్నవా?' అని నన్ను నేనే అడుగుతాను. చాలాసార్లు అది విన్నదే. అయినా ఆ చెయ్యి ఇంకా అప్పుడప్పుడు కదులుతుంది.

వచ్చే వారం నోటుబుక్కులో రెండు వరుసలు రాసుకొని రండి. మీ చెయ్యి ఎప్పుడు, ఎవరిని చూసి వెనక్కి పోయింది? పేర్లు రాయొద్దు. ముందు నాది చదువుతాను.